ఏడు రాళ్ల 50 సెంట్లా, ఒంటి రాయి 30 సెంట్లా?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది దేవరకొండ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. మా బాబుకు నల్లగొండ సంబంధం ఖాయమైంది. మాఘమాసంలో ప్రధానం. కోడలికి వజ్రం ఉంగరం పెట్టాలని నా కోరిక. చిట్టీ ఎత్తిన లక్ష రూపాయలు అందుకోసం పక్కన పెట్టాను. మాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన సేటు ఒక ఏడు రాళ్ల పువ్వు ఉంగరం చూపించి, "50 సెంట్లు, ఈఎఫ్ వీవీఎస్, 92 వేలకు ఇస్తా" అన్నాడు. సర్టిఫికెట్ అడిగితే "నా మాటే సర్టిఫికెట్ అమ్మా" అని నవ్వాడు. హైదరాబాద్‌లో ఒక షోరూంలో ఒంటి రాయి ఉంగరం చూశాం. 30 సెంట్లే, 98 వేలు చెప్పారు. జీ కలర్, వీఎస్2 అని జీఐఏ అనే ల్యాబ్ కాగితం ఇస్తారట. మా బాబేమో "రెండూ వద్దు, ఇందులో సగం డబ్బుకే ఒక క్యారెట్ ల్యాబ్ డైమండ్ వస్తుంది" అంటున్నాడు. మా అత్తమ్మ "వజ్రం అందరికీ అచ్చిరాదు, బంగారమే పెట్టు" అని పట్టుబట్టింది. రాయి మంచిదో కాదో నాలాంటి వాళ్లు ఎట్లా తెలుసుకోవాలి? – ఒక చెల్లెలు, దేవరకొండ

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ రెండు ఉంగరాలను పక్కపక్కన పెట్టి పోల్చడం మానేయండి. మీరు 50 పెద్దది, 30 చిన్నది అని చూస్తున్నారు. వజ్రాల లెక్క అట్లా నడవదు.

సాగర్ దగ్గర ఎప్పుడైనా చేపలు కొన్నారా? కిలోకు పది తూగే చిన్న చేపల రేటు వేరు, ఒక్కటే నాలుగు కిలోలు తూగే చేప రేటు వేరు. వజ్రంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. సేటు చూపించిన పువ్వులో ఏడు రాళ్లు కలిపి 50 సెంట్లు. అంటే ఒక్కో రాయి ఏడు సెంట్లు, అడ్డంగా కొలిస్తే రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అంత చిన్న రాళ్లు సూరత్‌లో కుప్పలుగా తయారవుతాయి, పొట్లాల్లో తూకం మీద అమ్ముడవుతాయి. షోరూం రాయి 30 సెంట్లే అయినా ఒక్కటే రాయి, సుమారు 4.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే రాయిగా 50 సెంట్లు కావాలంటే మీ లక్షలో దొరకడం కష్టం. కాబట్టి సేటు చవకగా ఇస్తున్నాడని గానీ, షోరూం వాళ్లు దోచుకుంటున్నారని గానీ అనుకోవద్దు. అవి రెండు వేర్వేరు వస్తువులు.

సెంటు అంటే క్యారెట్‌లో నూరో వంతు. క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు, 200 మిల్లీగ్రాములు. మన అవుసలోళ్లు గురివింద గింజతో బంగారం తూచినట్టే, పాతకాలంలో మధ్యధరా ప్రాంతం వాళ్లు కారబ్ అనే చెట్టు గింజతో రాళ్లు తూచేవాళ్లు. క్యారెట్ అన్న మాట ఆ గింజ పేరు నుంచే వచ్చింది. బంగారం క్యారెట్ వేరు. అది స్వచ్ఛత, ఇది బరువు. 18 క్యారెట్ల ఉంగరం అని వినగానే వజ్రం 18 క్యారెట్లనుకుని గుండె పట్టుకున్న పెద్దాయన ఒకరు మా బ్యాంకుకు వచ్చేవారు.

ఇక సేటు మాట. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. "ఈఎఫ్ వీవీఎస్" అన్నది మన దగ్గర షాపుల్లో ఊతపదమైపోయింది. ఈ, ఎఫ్ అన్నవి రంగు గ్రేడ్లు. రంగు లెక్క డీ అక్షరంతో మొదలై జెడ్ దాకా పోతుంది. డీ అంటే అసలు రంగు లేనిది, జెడ్ వైపు పోయే కొద్దీ పసుపు ఛాయ కనిపిస్తుంది. ఏ, బీ, సీ ఏమయ్యాయి అంటారా? పూర్వం ఒక్కో వ్యాపారి తనకు తోచినట్టు ఏ, ఏఏ అని రాసుకునేవాడట. ఆ గందరగోళం అంటకూడదని అమెరికాలోని జీఐఏ సంస్థ తన లెక్కను డీతో మొదలుపెట్టింది. వీవీఎస్ అంటే రాయి లోపలి మచ్చలు పది రెట్లు పెద్దగా చూపే అద్దంలో కూడా అతి కష్టం మీద కనిపించేంత చిన్నవి. దాని కింది మెట్టు వీఎస్, ఆ కింది మెట్టు ఎస్ఐ; పక్కన 1 కంటే 2 తక్కువ. ఏడు సెంట్ల రాయిలో అట్లాంటి మచ్చను నలభై ఏళ్ల అనుభవమున్న సేటు కూడా మామూలు కంటితో చెప్పలేడు. ఆయనకు పొట్లం అమ్మినవాడు చెప్పిన మాట ఆయన మీకు చెబుతున్నాడు. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. పొట్లం అమ్మినవాడు ఎవరో మాత్రం మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. మాది అవుసల ఇల్లు. నాన్న దగ్గర గీటురాయి మీద బంగారం గీయడం నేర్చుకున్నాను, ఆ తర్వాత నల్లగొండలో బ్యాంకు అప్రైజర్‌గా, అంటే తాకట్టు బంగారానికి విలువ కట్టేవాడిగా, ఇరవై ఏళ్ల పైన చేశాను. అట్లాంటి నేను, మా ఆవిడకు ఒక వజ్రపు ముక్కుపుడక కొన్నప్పుడు షాపు వాళ్లు చేత్తో రాసిచ్చిన కార్డు చూసి నమ్మాను. కార్డు మీద వీవీఎస్ అని ఉంది, షాపు ముద్ర ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత మార్చుకుందామని అదే షాపుకు తీసుకెళితే, కౌంటర్‌లో కుర్రవాడు లూప్, అంటే ఆ పది రెట్ల అద్దం, పెట్టి చూసి, "సార్, ఇది ఎస్ఐ2, కలర్ కూడా కే, ఎల్ దాకా ఉంటుంది" అన్నాడు. కార్డు చూపించాను. "అప్పటి స్టాఫ్ ఇప్పుడు లేరు సార్" అన్నాడు. కొన్న ధరలో మూడో వంతు చేతిలో పెట్టాడు. అమ్మేటప్పుడు వీవీఎస్, కొనేటప్పుడు ఎస్ఐ. రాయి అదే, షాపు అదే. బంగారమైతే గీటురాయి తీసి అక్కడే తేల్చేవాణ్ని. వజ్రానికి నా దగ్గర ఏముంది?

అందుకే కాగితం కావాలి. అది కూడా షాపు కాగితం కాకూడదు, అమ్మకంతో సంబంధం లేని ల్యాబ్ కాగితం కావాలి. దాని గురించి తర్వాత చెబుతా. ముందు మీ కళ్లతో మీరు చూడగలిగింది చెబుతాను. అది మీరనుకున్న దానికంటే ఎక్కువే.

నగల షాపులో తల ఎత్తి చూడండి. పైన చిన్న చిన్న స్పాట్ లైట్లు పదుల సంఖ్యలో ఉంటాయి. ఆ వెలుగులో గాజు ముక్క కూడా మెరుస్తుంది. కాబట్టి రాయిని అక్కడ చూసి మురిసిపోవద్దు. "ఒక్కసారి వాకిలి దగ్గర చూస్తాం" అని అడగండి. మంచి షాపువాడు వద్దనడు, మనిషిని తోడు పంపుతాడు. ఎండలోకి పోవద్దు, వజ్రం నేరుగా ఎండలో నల్లగా కనిపిస్తుంది. గడప లోపల నీడలో నిలబడండి. ఉంగరాన్ని మూరెడు దూరంలో పెట్టి, మెల్లగా అటూ ఇటూ వంచండి. తర్వాత అరచేతిని గొడుగులా పట్టి దాని మీద నీడ వేయండి. మంచి కోత ఉన్న రాయి ఆ నీడలో కూడా బతికే ఉంటుంది. ఎక్కడి నుంచో ఒక వెలుగు తుంపు పట్టుకుని తిప్పి మీ కంట్లో కొడుతుంది. కోత బాగా లేని రాయి లైట్ల కింద ఎంత మెరిసినా నీడలోకి రాగానే చల్లారిపోతుంది. మధ్యలో అద్దం ముక్కలా ఖాళీగా ఉండి, కింద వేలి చర్మం కనిపిస్తుంది.

ఎందుకట్లా? వజ్రం పైన బల్లలాగా చదునుగా ఉండి, కిందికి గరాటులా దిగుతుంది. పైనుంచి వెళ్లిన వెలుగు కింది వాలుకు తగిలి, ఎదురు వాలుకు తగిలి, మళ్లీ పైకే రావాలి. వాలు తక్కువైతే వెలుగు అడుగు నుంచి జారిపోతుంది, చుట్టూ బూడిద రంగు వలయం కనిపిస్తుంది. దాన్ని చేపకన్ను అంటారు. వాలు ఎక్కువైతే పక్కల నుంచి పోతుంది, నడుమ మేకు తలలా నల్లటి మచ్చ పడుతుంది. గుండ్రటి రాయికి 57 లేదా 58 ముఖాలు చెక్కుతారు. ఏ ముఖం ఎంత వాలు ఉండాలో 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన లెక్క కట్టి పెట్టాడు. ఇప్పటికీ ఆ లెక్కకు అటూ ఇటూగానే చెక్కుతున్నారు.

వజ్రానికి నాలుగు గుణాలు చెబుతారు: బరువు, రంగు, స్వచ్ఛత, కోత. మొదటి మూడూ భూమి ఇచ్చినవే ఎక్కువ, కోత ఒక్కటే పూర్తిగా మనిషి పని. షాపువాడు మొదటి మూడింటి గురించే గంటసేపు చెబుతాడు. నన్నడిగితే ముందు అడగాల్సింది కోత గురించి. జీఐఏ కాగితంలో గుండ్రటి రాయికి కట్ అన్న చోట ఎక్సలెంట్ అని ఉండాలి, పాలిష్, సిమెట్రీ కూడా ఎక్సలెంట్ అయితే మరీ మంచిది. దీన్నే షాపుల్లో ట్రిపుల్ ఎక్స్ అంటారు. కోడలి చేయి చూసినవాళ్లకు రంగు గ్రేడు ఏమిటో, మచ్చ ఎక్కడుందో తెలియదు. మెరుపు తెలుస్తుంది.

ఇంకో చిన్న మోసం ఉంది. మోసం అనకూడదేమో, వ్యాపారం అనుకోండి. బరువు నిలుపుకోవడానికి రాయి నడుం లావుగా ఉంచి చెక్కుతారు. తూకానికి 30 సెంట్లే, కానీ బరువంతా పొట్టలో ఉంటుంది. పైనుంచి చూస్తే 25 సెంట్ల రాయిలా కనిపిస్తుంది. కాగితంలో కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 30 సెంట్ల గుండ్రటి రాయికి 4.2 నుంచి 4.4 మధ్య ఉంటే సరే. నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతే ఇంకో రాయి చూపించమనండి.

రంగు చూడాలంటే, ఒక తెల్ల కాగితాన్ని మధ్యలో మడిచి గాడిలా చేసి, విడి రాయిని అందులో బోర్లా పెట్టాలి. పైముఖం కిందికి, మొన పైకి. పైనుంచి చూస్తే మెరుపు రంగును దాచేస్తుంది, పక్క నుంచి చూస్తేనే పసుపు ఛాయ బయటపడుతుంది. ఒక్క రాయినే చూస్తే కంటికేమీ తెలియదు. రెండు మూడు గ్రేడ్ల రాళ్లు వరసగా పెట్టించుకోండి. జీ, హెచ్ పక్కపక్కన పెడితే మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఎఫ్ పక్కన కే పెడితే చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇప్పుడు ఆలోచించండి: మీరు పెట్టబోయేది పచ్చటి బంగారంలో. ఆ పసుపు ఎట్లాగూ రాయిలోకి దిగుతుంది. డీ, ఈ, ఎఫ్ కొని పసుపు ఉంగరంలో బిగించడం, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని హోలీకి పోవడమే. జీ, హెచ్ చాలు, ఐ అయినా తప్పు లేదు. తెల్ల బంగారమో ప్లాటినమో అయితే జీ దగ్గర ఆగండి.

మచ్చల సంగతీ అంతే. లూప్ అడిగి తీసుకోండి, పది రెట్లది. చాలామంది దాన్ని భూతద్దంలా చేయి చాచి పట్టుకుంటారు, ఏమీ కనిపించక తిరిగిచ్చేస్తారు. లూప్‌ను కంటికి ఆనించాలి. ఆ చేతి వేలిని బుగ్గకు ఆనించి కదలకుండా పెట్టుకోవాలి. రెండో చేత్తో ఉంగరాన్ని అంగుళం దూరం దాకా తెచ్చుకోవాలి. రెండో కన్ను మూయొద్దు, మూస్తే అలసట వస్తుంది. ఒక్కసారి ముఖాల అంచులు స్పష్టంగా కనిపించాక, చూపును మెల్లగా లోపలికి దింపండి. నల్ల చుక్క, తెల్ల మబ్బు, ఈకలా సాగిన సన్న పగులు, ఇవే అక్కడ ఉండేవి. రాయి నట్టనడుమ నల్ల చుక్క ఉంటే వద్దు. అంచు దాకా పోయిన ఈక ఉంటే అసలే వద్దు, దెబ్బ తగిలితే అక్కడే విరుగుతుంది. ఓ పక్కన తెల్లటి చుక్క ఉండి మామూలు కంటికి కనపడకపోతే ఫరవాలేదు. వీఎస్2, ఎస్ఐ1 రాళ్లలో చాలావరకు ఇట్లాగే ఉంటాయి. వీవీఎస్ కోసం కట్టే అదనపు డబ్బు లూప్‌కు కనిపించే దానికోసం. ప్రధానం నాడు చుట్టాలెవరూ లూప్ తీసుకుని రారు కదా.

బరువులో ఒక కిటుకు ఉంది. 30, 50, 70 సెంట్లు, ఒక క్యారెట్, ఈ అంకెల దగ్గర ధర మెట్టు ఎక్కుతుంది. 28, 29 సెంట్ల రాయి దొరికితే కంటికి తేడా తెలియదు, ధరలో తెలుస్తుంది. అట్లాంటివి తక్కువ దొరుకుతాయి, చెక్కేవాళ్లకు కూడా ఈ లెక్క తెలుసు కదా, 30 దాటించడానికే చూస్తారు. అయినా అడిగి చూడండి.

ఫ్లోరోసెన్స్ అని కాగితంలో ఒక గడి ఉంటుంది, అల్ట్రావయొలెట్ వెలుగు పడితే రాయి ఎంత వెలుగుతుందో చెప్పేది. నన్, ఫెయింట్, మీడియం అని ఉంటే పట్టించుకోవద్దు. స్ట్రాంగ్ అని ఉంటే ఆ రాయిని తప్పకుండా బయట వెలుతురులో చూడండి, కొన్ని పాలు కలిసినట్టు మసకగా ఉంటాయి.

ఇప్పుడు కాగితం సంగతి. జీఐఏ విడి రాళ్లకే గ్రేడు ఇస్తుంది, ఉంగరంలో బిగించిన రాయికి ఇవ్వదు. ఐజీఐ లాంటి కొన్ని ల్యాబులు తయారైన నగకు కూడా కార్డు ఇస్తాయి. కానీ బిగించిన రాయిని అన్ని వైపుల నుంచీ చూడటం కుదరదు కాబట్టి రంగు, స్వచ్ఛత సుమారుగా రాస్తారు. అన్ని ల్యాబుల చేయీ ఒకటే కాదు. ఒక చోట జీ అన్నది ఇంకో చోట హెచ్, ఐ కావచ్చు. ఒంటి రాయికి జీఐఏ కాగితం అడగడం అందుకే. కాగితం మీద ఒక నంబర్ ఉంటుంది, అదే నంబర్ రాయి నడుం అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటుంది, వెంట్రుక కంటే సన్నగా. లూప్‌లో చదవడం కొంచెం కష్టం, షాపులో మైక్రోస్కోప్ ఉంటే తేలిక. ఆ నంబర్‌ను మీ బాబు ఫోన్‌లో ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, బరువు, కొలతలు, గ్రేడ్లు కాగితంతో కలుస్తున్నాయా చూడాలి. కాగితం నిజమైనదే అయి, రాయి వేరేది కావచ్చు. నంబర్ రెండు చోట్లా చూడమన్నది అందుకే.

ఇక్కడొక మాట, అసలు సంగతికి కాస్త దూరమే అయినా చెప్పకుండా ఉండలేను. కొందరు సేల్స్‌వాళ్లు "ఇది గోల్కొండ డైమండ్ మేడం" అంటారు. గోల్కొండలో గనులు లేవు, అది రాజ్యం పేరు, సంత పేరు. రాళ్లు తేలింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. కోహినూర్ అక్కడే దొరికిందని చెబుతారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు వ్యాపారి టావెర్నియే వచ్చి చూసి, అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఇప్పుడా కొల్లూరు పులిచింతల నీళ్ల కింద ఉంది. మన పాలమూరు వైపు నారాయణపేట, మద్దూరు, కోటకొండ దగ్గర వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ రాతిని జియాలజీ వాళ్లు గుర్తించారు గానీ, అక్కడ వజ్రాల గని ఏదీ నడవడం లేదు. మీకు షాపులో చూపించే రాయి బోట్స్వానాదో రష్యాదో కెనడాదో అయి ఉంటుంది, చెక్కింది మాత్రం సూరత్‌లోనే అయి ఉంటుంది. ప్రపంచంలో పది రాళ్లు చెక్కితే దాదాపు తొమ్మిది అక్కడే చెక్కుతారు. "బెల్జియం కట్" అని చెప్పి ఎక్కువ అడిగినా నవ్వి ఊరుకోండి.

మీ బాబు అన్న ల్యాబ్ డైమండ్ గురించి. అది నకిలీ కాదు. ఏడీ (అమెరికన్ డైమండ్) రాయి కాదు, వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయీ కాదు. భూమి లోపల కాకుండా యంత్రంలో పెరిగిన వజ్రమే. కంటితో గానీ, లూప్‌తో గానీ, షాపులో ముట్టించి చూపే టెస్టర్ పెన్‌తో గానీ తేడా చెప్పలేం, దానికి వేరే యంత్రాలు కావాలి. ఆ పెన్ వేడి ఎంత త్వరగా పాకుతుందో చూస్తుంది, అంతే. మామూలు పెన్ మోయిసనైట్‌ను కూడా వజ్రమనే చెబుతుంది. కాబట్టి పెన్ కూత పెట్టిందని సంబరపడొద్దు.

ల్యాబ్ రాయి ధర కొన్నేళ్లుగా పడిపోతూనే ఉంది. యంత్రాలు పెరిగాయి, రాళ్లు పెరిగాయి. మెరుపు కోసం, పెద్దగా కనిపించడం కోసం అయితే మీ బాబు చెప్పింది సబబే, డబ్బూ మిగులుతుంది. కానీ రేపు తిరిగి ఇవ్వబోతే దాదాపు ఏమీ రాదనుకునే కొనాలి. జీఐఏ కూడా 2025 అక్టోబర్ నుంచి ల్యాబ్ రాళ్లకు పాత పద్ధతిలో రంగు, స్వచ్ఛత అక్షరాలు ఇవ్వడం మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండే రకాలుగా చెబుతోంది. ఇంకో సంగతి ఇంట్లో మాట్లాడుకోవాల్సింది. ల్యాబ్ రాయి పెడితే కోడలికి, వాళ్ల అమ్మానాన్నకు ముందే చెప్పి పెట్టండి. క్యారెట్ రాయి వేలికి కనిపిస్తే నల్లగొండలో చుట్టాలు ఊరుకోరు, ఎవరో ఒకరు షాపుకు తీసుకెళతారు. అప్పుడు తెలియడం కంటే ఇప్పుడు తెలియడం మేలు.

మీ అత్తమ్మ మాటకు వద్దాం. వజ్రం శుక్రుడి రాయి అని, కొందరికి పడదని జాతకాలు చూసేవాళ్లు చెబుతారు. అది చూడటానికి నా దగ్గర లూప్ లేదు. వియ్యాలవారికి ఆ పట్టింపు ఉందేమో ఒకమాట అడగండి, ఉంటే పంతానికి పోవద్దు. కానీ "బంగారమే పెట్టు" అన్న మాటలో పెద్దామె అనుభవం ఉంది.

బ్యాంకులో నా బల్ల ముందు కూర్చున్నవాళ్లకు ఈ మాట చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. ఒకసారి చండూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. పత్తి చేను ఎండిపోయింది, పెట్టుబడికి డబ్బు కావాలి. చెవుల కమ్మలు, గొలుసు, పెళ్లినాటి వజ్రం ఉంగరం బల్ల మీద పెట్టింది. ఉంగరం కొన్న బిల్లు కూడా జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది, 60 వేలు. నేను తూచాను, రాయి బరువు తీసేశాను, 18 క్యారెట్ల బంగారానికి లెక్క కట్టాను. వచ్చిన అంకె చూసి "రాయి లెక్కలోకి రాదా సార్?" అని అడిగింది. రాదు. బంగారం రుణానికి బంగారం విలువే చూడాలి, రాళ్లను లెక్కలోకి తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు. ఆమె ఉంగరం తీసుకుని మళ్లీ వేలికి పెట్టుకుంది. కమ్మలు, గొలుసు మీదే తీసుకుంది. బంగారం కష్టానికి అక్కరకొచ్చేది, వజ్రం సంబరానికి పెట్టుకునేది. లక్షా ఉంగరానికే పెట్టకుండా కాస్త తక్కువలో ఉంగరం చూసుకుని, మిగతా దాంతో కొంచెం బంగారం ఏదైనా తీసుకుంటే అత్తమ్మ మాటా, మీ కోరికా రెండూ తీరతాయని నా లెక్క. మీ ఇష్టం.

బిల్లు గురించి తొందరగా చెప్పేస్తాను. బంగారం బరువు, రాయి బరువు విడివిడిగా రాయాలి. 30 సెంట్లంటే 0.06 గ్రాము, అంత తీసేశాకే బంగారం రేటు వేయాలి. వజ్రాల నగ ఎక్కువగా 18 లేదా 14 క్యారెట్లలోనే చేస్తారు, 22 మెత్తన, రాయిని గట్టిగా పట్టదు. కాబట్టి 18 క్యారెట్లు అన్నందుకు బాధపడొద్దు, కానీ 22 రేటు వేస్తే మాత్రం ఊరుకోవద్దు. ఉంగరం లోపల బీఐఎస్ గుర్తు, 750 అన్న అంకె (18 క్యారెట్లకు గుర్తు), ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి చూసుకోవచ్చు. అయితే ఆ హాల్‌మార్క్ బంగారానికే, వజ్రానికి దానితో సంబంధం లేదు. జీఎస్టీ 3 శాతం. బిల్లు మీద "నేచురల్ డైమండ్" అని, సర్టిఫికెట్ నంబర్ వేసి రాయించుకోండి. వాపసు ఇస్తే ఎంత ఇస్తారు, మార్చుకుంటే ఎంత, నగదుకు ఎంత, అది కూడా నోటి మాటగా వద్దు, కాగితం మీద ఉండాలి. జీఎస్టీ మిగులుతుందని కచ్చా బిల్లు తీసుకుంటే ఇవన్నీ గాల్లో మాటలే.

ఇప్పుడు మీ సేటు. ఇరవై ఏళ్ల పరిచయాన్ని వదులుకోమని నేను చెప్పను. ఆయన దగ్గరికి ఇంకోసారి వెళ్లి, "పువ్వు ఉంగరం వద్దు సేటూ, 28 నుంచి 30 సెంట్ల మధ్య ఒంటి రాయి, జీ లేదా హెచ్, వీఎస్2 లేదా ఎస్ఐ1, ట్రిపుల్ ఎక్స్, జీఐఏ కాగితంతో తెప్పించు, ఉంగరం నువ్వే చెయ్యి" అనండి. దేవరకొండ సేటుకైనా హైదరాబాద్‌లో రాళ్ల వ్యాపారులు తెలిసే ఉంటారు. రెండు మూడు రోజుల్లో రెండు మూడు రాళ్లు తెప్పించగలడు. షోరూం మజూరీ కంటే ఆయన మజూరీ తక్కువే అవుతుంది. తెప్పించనంటే అప్పుడు హైదరాబాద్ షోరూంకు వెళ్లండి. శని, ఆదివారాలు వద్దు, పొద్దున పదకొండు గంటలకు పోతే రద్దీ ఉండదు, లూప్ పట్టుకుని ఎంతసేపు చూసినా ఎవరూ తొందరపెట్టరు. అక్కడ కూడా అంతే, ముందు వాకిలి దగ్గరికి.

ఎవరి దగ్గర చేయించినా రాయి బిగించే ముందు మీ బాబును దగ్గర కూర్చోబెట్టి నడుం మీది నంబర్ చదివించండి. రాయిని పట్టుకునే చిన్న గోళ్లు ఆరు పెట్టమనండి, నాలుగైతే ఒకటి వదులైనా రాయి పోవచ్చు. గోరు ఆ నంబర్ మీద పడకుండా బిగించమని కూడా చెప్పండి. పడితే తర్వాత చదవాలంటే రాయి విప్పాలి.